ఒకే పలక మీద ఇద్దరం

జూన్ 3

నా బంగారు తల్లికి,

నాన్న రాసేది ఏమిటంటే, నువ్వు పంపిన పెట్టె చేరింది. పెట్టెలోంచి పుస్తకాలు చదివే పలక బయటికి వచ్చింది. ఆ పలకలోకి నేను వెళ్ళిపోయాను. ఇక నన్ను బయటికి లాగడం మీ అత్త వల్ల కావడం లేదు.

పెట్టె విప్పగానే మీ అత్త, "ఇదేంటన్నయ్యా, నీ కూతురు అద్దం పంపించింది? ఇందులో మొహం కూడా సరిగ్గా కనబడి చావట్లేదు" అంది. పై వాటాలో డ్రైవరు కిందికొచ్చి మీట నొక్కి, అక్షరాలు పెంచడం చూపించాడు. పెంచాడు, ఇంకా పెంచాడు, ఒక్కో అక్షరం కోటు బొత్తామంత అయింది! నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను తల్లీ. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. సూదిలో దారం ఎక్కించడం మానేసిన రోజునే చదువు కూడా మానేసినవాణ్ణి. ఇప్పుడు నా కళ్ళు నా దగ్గరికి తిరిగొచ్చాయి.

నీకు గుర్తుందా, మన షాపులో కొలతల కాగితాలు? పాత వారపత్రికలు కత్తిరించి కాలరుకొకటి, చేతికొకటి, వీపుకొకటి చేసి మేకుకి తగిలించేవాణ్ణి. ఐదో తరగతితో బడి ఆగిపోయినా నేను ఇన్ని కథలు చదివానంటే వాటి మీదే. కాకపోతే కాలరు ఆకారంలో ఉన్న కథకి నడుం ఉండదు. చెయ్యి ఆకారంలో ఉన్న కథలో హీరో మణికట్టు దగ్గర రైలెక్కుతాడు, ఎక్కడ దిగాడో ఈరోజుకీ నాకు తెలీదు. నీకు అక్షరాలు నేర్పింది కూడా ఆ కాగితాల మీదేగా! ఇప్పుడు మొదలూ చివరా ఉన్న కథలు చేతిలో పెట్టావు. నాకు ఇంకేం కావాలి?

మీ అత్తకి చదువు రాదు కదా, పైకి చదువుతున్నాను. నా చెవుల సంగతి నీకు తెలిసిందే, నా గొంతు ఎంత లేస్తోందో నాకు తెలీదు. పైన డ్రైవరు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటాడు, నేల మీద కాలితో దబదబా కొడుతున్నాడట. పాపం.

మళ్ళీ పలక తెరుస్తున్న,
మీ నాన్న

జూన్ 11

నాన్నకి,

నీ ఉత్తరం చదివి ల్యాబ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రక్తం ఇవ్వడానికొచ్చిన ఆయన భయపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఫోన్‌లో నీకు వినబడదు కాబట్టి ఇవి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ఆ ఈ-రీడర్, నా దగ్గరున్న ఈ-రీడర్, రెండూ నా అకౌంట్ మీదే ఉన్నాయి. నేను కొన్న పుస్తకాలన్నీ నీకూ కనిపిస్తాయి. నీకోసం "నాన్న" అని ఒక అర పెట్టాను. అందులోవే చదువు, మిగతావి ముట్టుకోకు. అది ఏదైనా అడిగితే "వద్దు" అని నొక్కు. ఏం అడిగినా సరే, "వద్దు".

ఎందుకంటే నిన్న రైల్లో నేను చదువుతున్న నవల తెరిస్తే, నువ్వు తిప్పిన పేజీల వెంట ఎకాఎకీ చివరి అధ్యాయానికి వెళ్ళింది. హంతకుడి పేరు కళ్ళ ముందు పడింది. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఆ రైల్లో కూర్చున్నంతసేపే నాకు చదువు. అది కూడా పాడైతే ఎలా చెప్పు?

డ్రైవర్‌గారికి నా తరఫున సారీ చెప్పు. మెల్లిగా చదువు.

నీ
చిట్టి

జూన్ 19

బంగారూ,

నువ్వు నవ్వావని చదివి నేను మళ్ళీ నవ్వాను, నన్ను చూసి మీ అత్త నవ్వింది, కారణం తెలీకుండానే.

అసలు సంగతి ఇంకా గొప్పది! నీ నవల తెరిస్తే పలక నన్ను అడిగింది, ఇంకా ముందుదాకా చదివి ఉన్నారు, అక్కడికి వెళ్తారా అని. నేనెక్కడ చదివాను? నేను చదవలేదంటే చదివింది నువ్వేగా! నువ్వు ఎంతదాకా వచ్చావో పలక నాకు చెబుతోంది తల్లీ! నీ ఉత్తరం రాకముందు నుంచే నేను "అవును" నొక్కి నువ్వున్న చోటికి వచ్చేస్తున్నాను. మధ్యలో పేజీలు పోతే పోనీ, నాకు చిల్లుల కథలు అలవాటే. నువ్వు ఆగిన పేజీలో నేనూ కూర్చుంటున్నాను. షాపులో మిషను పక్కన స్టూలు మీద నువ్వు కూర్చున్నట్టే ఉంది. ఒక్కోసారి ఆగలేక నీకన్నా ముందుకి పోతున్నాను, తిట్టకు. దీనికి "వద్దు" అని ఎలా నొక్కుతాను చెప్పు? ఏ తండ్రైనా నొక్కుతాడా?

ఇంకొకటి. నీ పుస్తకాల్లో అక్కడక్కడా మాటల కింద బూడిద రంగు గీతలున్నాయి. డ్రైవరు చూసి, "అవి మీ అమ్మాయి గీసుకున్నవి" అన్నాడు. నువ్వు ఆగిన చోట్లన్నమాట! ఆ అర, ఈ అర అన్నీ వెతికి చదివాను.

అందులో ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. "నా ఇంట్లోకి నేనే అతిథిలా తలుపు తట్టి వెళ్తున్నాను." దీని కింద రెండుసార్లు గీశావు. అంత గట్టిగా ఎందుకు గీశావమ్మా? అక్కడ నీకేం లోటు? నాతో చెప్పుకోలేక గీతల్లో చెబుతున్నావని నాకు అర్థమైంది. తండ్రి మనసు కదా. అల్లుడుగారికి విడిగా ఒక ఉత్తరం రాశాను. కోపంగా కాదు, మర్యాదగానే రాశాను. నా కూతురు ఇంట్లోకి తలుపు తట్టి రావలసిన పరిస్థితి ఎందుకొచ్చింది బాబూ, అని మాత్రం అడిగాను.

ధైర్యంగా ఉండు. నేనున్నాను.

మీ నాన్న

జూన్ 27

నాన్నకి,

ఏం రాయాలో తెలీక రెండు కాగితాలు చింపి ఇది మొదలుపెట్టాను.

నీ ఉత్తరం మీ అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పుతూ చదివాడు. ఒక షూతోనే లోపలికొచ్చి, "నేనేం చేశాను?" అన్నాడు. ఆరోజు నుంచీ నేను ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి పెడుతున్నాడు. "రండి, ఇది మీ ఇల్లే" అంటున్నాడు. పొద్దున్నే టీ ఇస్తూ, "ఇవాళ నేను మంచివాణ్ణేనా, మీ నాన్నగారికి రాస్తావా?" అంటున్నాడు. మొదటిరోజు నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లేదు, అతనికీ రావట్లేదు.

నాన్నా, అది నవల. అందులో ఒక ముసలావిడ అనుకునే మాట. బాగుందని గీత గీశాను. ఒక మాట నచ్చడానికి కష్టాల్లో ఉండక్కర్లేదు. ఒక్కోసారి అలసిపోయి ఇంటికొచ్చినప్పుడు అది నిజం కూడా అనిపిస్తుంది, అనిపించనీ. అది నాకూ ఆ పుస్తకానికీ మధ్య సంగతి. నీకు రాసింది కాదు, మీ అల్లుడికి రాసింది అసలే కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లో అందరికీ జవాబులు చెబుతాను, ఇంటికొస్తే ఇంట్లో చెబుతాను. ఏ జవాబూ చెప్పక్కర్లేని చోటు నాకు ఆ పుస్తకాలొక్కటే.

ఆ గీతలు నీ కంట పడకుండా ఉంటే ఎంత బాగుండేది.

పేజీలు ఇంకా దూకుతూనే ఉన్నాయి. "వద్దు" నొక్కమన్నాను కదా!

చిట్టి

జూలై 5

నా తల్లికి,

తప్పయిపోయింది. అల్లుడుగారికి క్షమాపణగా ఇంకో ఉత్తరం రాయబోతే మీ అత్త కలం లాక్కుంది. "ఒక్క ఉత్తరానికే కొంప మునిగింది, రెండోది దేనికి?" అంది. ఆ మాటా నిజమే.

కానీ బాధపడకు, నీ సమస్య తీర్చేశాను! ఎంత సంతోషంగా ఉందో తెలుసా! గీతలు నా కంట పడకుండా ఉంటే బాగుండేదన్నావు కదా. ఇక పడవు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

ఎలాగో చెబుతాను. గీత మీద వేలు పెట్టి అలాగే పట్టుకుంటే "తీసివేయి" అని వస్తుంది. నొక్కితే పోతుంది. కోటు కుట్టడం అయిపోయాక సుద్ద గీతలు దులపకుండా ఏ దర్జీ అయినా ఇస్తాడా? గీత మన పని కోసం, బట్ట వేసుకునేవాళ్ళ కోసం. నాకు ముందే తట్టి ఉండాల్సింది. ప్రతి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చూశాను. మీ అత్త పక్కన కూర్చుంది, "అది కూడా చదివి చెరుపు అన్నయ్యా" అంటూ. దాని కోసం ఒక్కో వాక్యం పైకి చదివి, అప్పుడు చెరిపాను. పొద్దునంతా, సాయంత్రమంతా అదే పని. డ్రైవరు పైనుంచి కాలితో కొడుతున్నాడని మీ అత్త చెబితే, ఆపమంటున్నాడనుకున్నాను. తీరా మెట్లు దిగొచ్చి, "ఇందాకటి మాట మళ్ళీ చదవండి, నీళ్ళ పంపు చప్పుడులో వినబడలేదు" అన్నాడు.

ఇప్పుడు నీ పుస్తకాలు ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉన్నాయి. ఎక్కడా మచ్చ లేదు. నీ మాటలు నీవే, ఎవరి కంటా పడవు. అల్లుడుగారిని తలుపు మూసుకోమను, దొంగలు పడగలరు.

తృప్తిగా కళ్ళు మూసుకుంటున్న,
మీ నాన్న

జూలై 13

నాన్నా,

నీ ఉత్తరం రాకముందే తెలిసింది. రైల్లో పుస్తకం తెరిచాను, గీతల్లేవు. ఇంకోటి తెరిచాను, లేవు. నిలబడి ఉన్నానని మర్చిపోయి పైన పట్టుకున్న పిడి వదిలేశాను, పక్కావిడ మీద పడ్డాను.

నీ దగ్గర చెరిపితే నా దగ్గరా పోతాయి. ఒకే అకౌంట్ అని మొదటి ఉత్తరంలోనే రాశాను. కంపెనీకి ఫోన్ చేస్తే, మీరే తీసేశారు కాబట్టి తిరిగి రావు అన్నారు. మీరే తీసేశారట. నేను!

అవి సుద్ద గీతలు కాదు నాన్నా. నాకు డైరీ రాసే ఓపిక ఎప్పుడూ లేదు. ఎక్కడైనా నా గురించి రాసి ఉందంటే ఆ గీతల్లోనే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఏం చదువుతూ ధైర్యం తెచ్చుకున్నానో, అమ్మ పోయిన నెలలో ఏ వాక్యం దగ్గర ఆగిపోయానో, అన్నీ. ఏళ్ళ తరబడి గీసుకున్నవి. ఏవేమిటో నాకే గుర్తులేదు, గుర్తుంచుకోవడానికే కదా గీసింది. నువ్వు ప్రేమతోనే చేశావు, నాకు తెలుసు. అందుకే నిన్ను తిట్టడానికి కూడా లేకుండా పోయింది, అది ఇంకా చిరాకుగా ఉంది.

నెలాఖరుకి నీ పలకని నా అకౌంట్ నుంచి వేరు చేసేస్తాను. నీ పుస్తకాలు నీవి, నావి నావి. నేనెక్కడ చదువుతున్నానో నీకు తెలీదు, నువ్వెక్కడున్నావో నాకు తెలీదు. ఇద్దరికీ అదే మంచిది.

చిట్టి

జూలై 20

తల్లీ,

నీ ఉత్తరం చదివాక పలకని గూట్లో పెట్టేశాను. ముట్టుకోవాలంటే భయం వేసింది. అమ్మ పోయిన నెల అని రాశావే, ఆ మాట దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. వాటిల్లో ఏదో ఒకటి మీ అమ్మ గురించి అయి ఉంటుంది, దాన్ని నా వేలితోనే నొక్కేశాను కదా.

నేను కదలకుండా కూర్చుంటే మీ అత్త వచ్చి చెవి దగ్గర అరిచింది, "పిల్ల ఏం రాసింది?" అని. చెప్పాను. "గీతలు పోతే పోయాయి, మాటలెక్కడికి పోతాయి?" అంది. అంటూ మొదలుపెట్టింది. చెయ్యి ఊపుతూ, కళ్ళు మూసుకుని, ఒకటి తర్వాత ఒకటి! నాకు అన్నీ వినబడలేదు, చెవి దాని నోటి దగ్గర పెట్టాను. నేను చదివినవన్నీ దానికి నోటికొచ్చు తల్లీ! నీకు చెప్పలేదూ, చిన్నప్పుడు మా నాన్న సరుకులన్నీ దీనికి చెప్పి పంపేవాడు, నాకు చీటీ రాసినా సగం మర్చిపోయి వచ్చేవాణ్ణి. అక్షరం రాని మనిషి ఏదీ ఎక్కడా రాసుకోలేదు కదా, అంతా లోపలే పెట్టుకోవాలి. నేను పరుగులాంటి నడకతో వెళ్ళి డ్రైవర్ని పిలిచాను. ఆయన, "అవునండీ, మొన్న మా ఆవిడతో గొడవైతే మీ చెల్లెలుగారు మెట్ల మీద ఏదో అన్నారు, మేమిద్దరం నోరు మూసుకున్నాం. పుస్తకంలోదని అప్పుడే అనుకున్నాను" అన్నాడు!

మీ అత్తకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. దాని ఫోన్‌కి ఫోన్ చెయ్యి. అది చెబుతుంది, నువ్వు వెతుక్కుని గీసుకో. ఆ తర్వాత పలక వేరు చేస్తే చెయ్యి, నేనేం అనను. అప్పటిదాకా ఆగు. దండం పెడతాను.

మీ నాన్న

ఆగస్టు 2

నాన్నకి,

రోజూ సాయంత్రం రైల్లో అత్తతో ఫోన్. చెవిలో అత్త, ఒళ్ళో పుస్తకం. ఆవిడతో వేగడం నీతో వేగినంత కష్టం. వాక్యం చెబుతుంది, ఏ పుస్తకమత్తా అంటే, "ఎర్ర చొక్కావాడు ఏడుస్తాడే, అది" అంటుంది. నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ ఎర్ర చొక్కావాడు లేడు. వెతికి వెతికి చూస్తే ఏడ్చేది కుక్క. హత్య కథలో మాట తీసుకెళ్ళి ప్రేమ కథలో పెడుతుంది. కాదత్తా అంటే, "అక్కడే బాగుంటుందే, నువ్వు మార్చుకో" అంటుంది. రెండుసార్లు నా స్టేషన్ దాటిపోయాను. పక్క సీట్లో రోజూ కూర్చునే ఆవిడ ఇప్పుడు స్పీకర్ పెట్టమంటోంది.

అయినా చాలావరకు దొరికాయి. అమ్మ నెలలోవి కూడా. అవి చెబుతున్నప్పుడు అత్త గొంతు తగ్గించింది, ఎవరు చెప్పారో ఆవిడకి.

మీ అల్లుడు తలుపు మామూలుగానే వేస్తున్నాడు. మొన్న నేనే తట్టి, "అతిథి వచ్చింది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అకౌంట్ ఇంకా వేరు చెయ్యలేదు. చెయ్యాలో వద్దో తేల్చుకోలేదు. ఒక్క వాక్యం మాత్రం నన్ను చంపుతోంది. "పిల్ల లేచి వెళ్ళిన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది." అత్త ఇది ఖాయంగా నా గీతల్లోదే అంటోంది. ప్రతి పుస్తకంలోనూ వెతికాను. వెతుకుడు మీట నొక్కి, మాట మార్చి మార్చి కొట్టాను. ఎక్కడా లేదు. నేను గీసినట్టు కూడా గుర్తులేదు. కానీ ఇంత మంచి మాట దగ్గర ఆగకుండా ఎలా ఉంటాను? ఇది దొరక్కపోతే మిగతావి దొరికీ ప్రయోజనం లేనట్టుంది. చదివింది నువ్వు కదా, ఏ పుస్తకమో గుర్తు తెచ్చుకో. వెంటనే రాయి.

చిట్టి

ఆగస్టు 9

నా బంగారు తల్లికి,

ముందు నేను చూసింది చెప్పనీ. సాయంత్రం మీ అత్త వంటింటి గడప మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతూ ఉంటుంది. దాని పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట వినబడదు. నేను పలక ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. పేజీలో గీతలేవీ ఉండవు. తిప్పి, మళ్ళీ వెనక్కి వస్తాను. కాసేపటికి గీత వచ్చి ఉంటుంది! ఇక్కడ దాని నోరు కదిలింది, అక్కడ రైల్లో నీ వేలు కదిలింది, ఇక్కడ నా ఒళ్ళో గీత పడింది! రోజూ ఇదే నాకు సినిమా. నిన్న సంతోషం పట్టలేక లేచి పైకి వెళ్ళి డ్రైవర్ని లేపేశాను. పాపం ఆయనా దిగొచ్చి చూశాడు.

అతిథి మాట కింద కూడా మళ్ళీ గీత పడింది. చూశాను. పేజీ తిప్పేశాను. ఎవరికీ ఏ ఉత్తరమూ రాయలేదు, మీ అత్తే సాక్షి. పలక ఏమడిగినా "వద్దు" అనే నొక్కుతున్నాను. చెయ్యి లాగుతుంది, అయినా నొక్కుతున్నాను. నువ్వు వేరు చేసినా సరే, చెయ్యకపోయినా సరే, నాకు చూడాల్సింది చూపించావు.

ఇక నీ వాక్యం. వెతకడం ఆపెయ్యి తల్లీ. అది ఏ పుస్తకంలోనూ లేదు.

ఆరోజు గీతలు చెరుపుతుంటే మీ అత్త విసుక్కుంది, "చదివింది చాలు, ఒక్కోదాని దగ్గరా అంతసేపు ఆగుతావేంటన్నయ్యా, నొక్కి పారెయ్యక!" అని. "ఎలా పారెయ్యనే? పిల్ల లేచి వెళ్ళిన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాను. అన్న సంగతి నాకే గుర్తులేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నేను పారెయ్యమన్నప్పుడు నువ్వు చదివిందేగా" అని అదే గుర్తుచేసింది. దానికి పుస్తకంలో మాటేదో నా మాటేదో తేడా ఎలా తెలుస్తుంది, అన్నీ ఒకే నోట్లోంచి వచ్చాయి కదా. దాన్నీ వాటితో కలిపి దాచుకుంది.

కాబట్టి దాని కింద గీయడానికి నీ పలకలో పేజీ లేదు. కావాలంటే ఈ కాగితం మీదే గీసుకో. ఇది నీ దగ్గరే ఉంటుంది, ఇక్కడినుంచి నేనెంత నొక్కినా చెరగదు.

మీ నాన్న